ఎవరికి చెప్పుకోవాలి?

(డాక్టర్ సునీతి సోలమన్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



సునీతి సోలమన్ గారి స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు ఆమె ఘనతల చిట్టా చదవాలని నాకు అనిపించలేదు. ఆమెను చివరిదాకా వదలని ఒక ప్రశ్న గురించి మాట్లాడటమే ఆమెకు తగిన నివాళి అనుకున్నాను. హెచ్‌ఐవీ ఉన్న మనిషి నలుగురిలో ఎలా మసలుకుంటాడు? ఎవరికి చెబుతాడు, ఎవరికి చెప్పడు, చెప్పలేని చోట ఏం చెప్పి నెట్టుకొస్తాడు? కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో నేను కౌన్సెలర్‌గా కూర్చున్న ఏళ్లలో, పాజిటివ్ అని తెలిసినవాళ్లు 'ఎంతకాలం బతుకుతాను' అని అడిగేవాళ్లు. ఆ వెంటనే, ఒక్కోసారి దానికన్నా ముందే, 'మావాళ్లకి తెలుస్తుందా మేడమ్' అని అడిగేవాళ్లు. మొదటి ప్రశ్నకు వైద్యం ఇప్పుడు మంచి జవాబే ఇస్తోంది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మనం.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ జబ్బు సంగతి ఎవరికి చెప్పుకోవాలన్నది ఆ మనిషి సొంత నిర్ణయం. చెప్పకపోవడం మోసం కాదు, పిరికితనం అంతకన్నా కాదు. బయటికొచ్చి చెప్పినవాళ్లను వేదికనెక్కించి మెచ్చుకుంటూ, చెప్పనివాళ్లను తక్కువచేసి చూసే అలవాటు మంచి మనసున్నవాళ్లలో కూడా ఉంది. దాన్ని వదులుకోవాలి.

1986లో మన దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అమెరికాలో ఎయిడ్స్ బయటపడి అప్పటికి అయిదేళ్లు. మన దగ్గర మాత్రం ఇది పరాయి దేశాల జబ్బు, మన కుటుంబాల్లోకి రాదు అన్న ధీమా ఉండేది. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్‌గా ఉన్న సునీతి గారు తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలను ఈ విషయం మీద పరిశోధన చెయ్యమన్నారు. నిర్మల ప్రభుత్వ గృహంలో నిర్బంధంలో ఉన్న సెక్స్ వర్కర్ల దగ్గరికి వెళ్లి రక్త నమూనాలు తెచ్చింది, వాటిని తన ఇంటి ఫ్రిజ్‌లో భద్రపరిచింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పరీక్షిస్తే ఆరు నమూనాలు పాజిటివ్ అని తేలాయి. ఆ మే నెలలో తమిళనాడు శాసనసభలో ఆరోగ్య మంత్రి ఆ సంగతి ప్రకటించారు.

ఆ స్త్రీల పేర్లు బయటికి రాలేదు. కానీ వాళ్లు చేసే పనేమిటో దేశమంతటికీ తెలిసింది. ఆ రోజు నుంచే ఈ జబ్బుకి ఒక వృత్తి, ఒక నడవడి అంటుకుపోయాయి. వాళ్లలో పదమూడేళ్ల పిల్ల ఉందని, ఆ పిల్లను బలవంతంగా ఈ వృత్తిలోకి దింపారని సునీతి గారు తర్వాతి రోజుల్లో చెప్పేవారు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. 1993లో ఆమె చెన్నైలో వైఆర్‌జీ కేర్ మొదలుపెట్టారు. పాజిటివ్ అన్న మాట వినగానే రోగిని వరండాలోకి నెట్టేసే ఆసుపత్రులున్న రోజులవి. ఆమె మాత్రం రోగి చేయి పట్టుకుని, దగ్గరికి తీసుకుని మాట్లాడేవారు.

అదే కాలంలో గోవాలో జరిగింది కూడా గుర్తుచేసుకోవాలి. డొమినిక్ డిసౌజా అనే యువకుడు తరచూ రక్తదానం చేసేవాడు. ఆ రక్తంలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. 1989లో పోలీసులు అతన్ని పట్టుకెళ్లి ఒక పాత టీబీ శానటోరియంలో 64 రోజులు ఒంటరిగా ఉంచారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను విడిగా నిర్బంధించవచ్చని అప్పటి గోవా ప్రజారోగ్య చట్టం చెప్పింది మరి. తల్లి కోర్టుకెక్కింది, స్నేహితులు వీధిలోకొచ్చారు. అతను బయటికి వచ్చేసరికి దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న నిర్ణయాన్ని అతని చేతిలోంచి లాక్కుని ప్రభుత్వమే చాటింపు వేసింది. 1992లో చనిపోయేలోగా అతను 'పాజిటివ్ పీపుల్' అనే సంస్థకు పునాది వేశాడు. 2005లో వచ్చిన 'మై బ్రదర్ నిఖిల్' అనే హిందీ సినిమాకు అతని జీవితమే ఆధారం. అతన్ని వీరుడంటారు. నిజమే. అయితే ఆ బహిరంగ జీవితాన్ని అతను కోరి తెచ్చుకోలేదన్నది మరవకూడదు.

1987 ఏప్రిల్‌లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో యువరాణి డయానా చేతికి తొడుగు లేకుండా ఒక ఎయిడ్స్ రోగితో కరచాలనం చేసింది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. అందులో ఆమె ముఖం కనిపిస్తుంది, అతని వీపు కనిపిస్తుంది. ముఖం పడకుండా అయితేనే ఫొటోకి ఒప్పుకుంటానన్నాడు ఆ రోగి. ఆమె చెయ్యి గురించి చాలామంది రాశారు. నేను ఆ వీపు గురించి ఆలోచిస్తాను. ప్రపంచంలోని కెమెరాలన్నీ దయగా చూస్తున్న రోజున కూడా ఆ మనిషికి తన ఇరుగుపొరుగు దయ మీద నమ్మకం లేదు.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఇర్వింగ్ గోఫ్‌మన్ 1963లో 'స్టిగ్మా' అనే పుస్తకం రాశాడు. ఎయిడ్స్ పేరు పుట్టడానికి చాలా ముందు. సమాజం చిన్నచూపు చూసే మచ్చ పైకి కనిపించేవాళ్లను, పైకి కనిపించని మచ్చ ఉన్నవాళ్లను ఆయన విడదీసి చూశాడు. మొదటివాళ్లు ఎదుటివాళ్ల ఇబ్బందిని సర్దుకోవాలి. రెండోవాళ్లకు వేరే పని ఉంటుంది. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు, ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారు అన్న లెక్క ఎప్పుడూ మనసులో వేసుకుంటూ ఉండాలి. నా ముందు బల్లకి అవతల కూర్చున్నవాళ్లంతా ఆ లెక్క వేసేవాళ్లే.

హెచ్‌ఐవీ మొదట్లో పైకి కనిపించే జబ్బుగా ఉండేది. మనిషి ఎండిపోయేవాడు. నోట్లో తెల్లపూత, ఒంటినిండా దురదపొక్కులు, ఆగని విరేచనాలు. గుంటూరు, కృష్ణా, తూర్పు గోదావరి ఊళ్లలో 1990ల చివర లారీ డ్రైవర్లు, క్లీనర్లు అలా మంచం పట్టడం చూసినవాళ్లు ఈ సభలో కూడా ఉండే ఉంటారు. ఒంటిని చూసి ఊరే పేరు పెట్టేసేది. చెప్పాలా వద్దా అన్న అవకాశం రోగికి ఉండేది కాదు.

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచితంగా వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ, ఎనిమిది ప్రభుత్వాసుపత్రుల్లో. ఆ ఆరింటిలో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందులు వాడినవాళ్లు కోలుకున్నారు, బరువు పెరిగారు, పొలం పనికి వెళ్లారు. కానీ ఆనాటి మందులకి వాటి గుర్తులు వాటికి ఉండేవి. స్టావుడిన్ చాలాకాలం వాడినవాళ్లకి బుగ్గల్లో కొవ్వు కరిగి దవడలు లోపలికి పోయేవి, కాళ్లూ చేతులూ సన్నబడి నరాలు తేలేవి. జిడోవుడిన్ వాడినవాళ్లలో కొందరికి గోళ్లు నల్లబడేవి. ప్రాణం నిలబెట్టిన మందే ముఖం మీద చీటీ అంటించేది. ఆడవాళ్లు గోళ్లకి గోరింటాకు పెట్టుకుని వచ్చేవాళ్లు. దవడలకి మాత్రం ఏం చెయ్యగలరు? బుగ్గలు పోయాయని మందు మానేసినవాళ్లున్నారు. మానేస్తే చచ్చిపోతావని డాక్టర్లు కోప్పడేవారు. ఊళ్లో తలెత్తుకోలేక చచ్చేకన్నా అదే నయమని వాళ్లనేవాళ్లు. స్టావుడిన్‌ను క్రమంగా ఆపెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. శరీరానికి హాని అని తీసుకున్న ఆ నిర్ణయం, చాలామందికి పరువును కూడా కాపాడింది.

ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర రోజుకొకటి వేసుకుంటే చాలు. మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. మంచి మార్పే. దాంతోపాటు ఒక కొత్త భారం వచ్చింది. ఒకప్పుడు ఒళ్లు చెప్పేసేది. ఇప్పుడు నోరు చెప్పాలి, లేదా దాయాలి. ఆ నిర్ణయం ప్రతిరోజూ ప్రతి మనిషి ఎదుటా కొత్తగా తీసుకోవాలి.

ఆ రోజువారీ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఊళ్లు, వృత్తులు మార్చి చెబుతున్నాను, వాళ్లెవరో వెతక్కండి.

మందులు ముప్పై మాత్రల ప్లాస్టిక్ సీసాలో వస్తాయి. కదిలిస్తే గలగలమంటుంది. బస్సులో సంచిలోంచి ఆ చప్పుడు వినిపిస్తుందని సీసాలో దూది కుక్కేవాళ్లున్నారు. బస్టాండు బెంచీ మీద కూర్చుని సీసా మీది కాగితం గోటితో గీకి పీకేసేవాళ్లను చూశాను. బలం మాత్రల డబ్బాలోకి మార్చేసేవాళ్లు ఇంకొందరు. తేమ తగిలితే మందు పాడవుతుంది, ఆ సీసాలోనే ఉంచండి అని చెప్పడం మా ఉద్యోగం. ఎందుకు మారుస్తున్నారో తెలిసి కూడా ఆ మాట చెప్పాల్సి రావడం కష్టంగా ఉండేది. ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చే ఆకుపచ్చ చికిత్స పుస్తకం ఇంకో సమస్య. అది లేనిదే మందులివ్వరు, ఇంట్లో ఎవరి కంటా పడకూడదు. బియ్యం డబ్బా అడుగున, దేవుడి పటం వెనకాల, దుకాణంలో గల్లాపెట్టె కింద, ఒక్కొక్కరికి ఒక్కో చోటు.

చాలామంది సొంత జిల్లాలోని ఏఆర్‌టీ కేంద్రానికి రారు. నరసరావుపేట మనిషి ఒంగోలు వెళ్తాడు, ఒంగోలు మనిషి గుంటూరు వస్తాడు. రెండు బస్సులు మారాలి, ఆ రోజు కూలి పోతుంది. రోగికి దగ్గరవుతాయని లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు పెట్టినప్పుడు మాకు ఎంతో సంతోషమేసింది. మీ మండలంలోనే తీసుకోవచ్చు కదా అంటే, 'వద్దు మేడమ్, అక్కడి నర్సమ్మ మా పిన్నిగారి తోడికోడలు' అన్నది ఒకావిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. దూరం తగ్గితే మేలు జరుగుతుందని మనం అనుకుంటాం. వాళ్లకి ఆ దూరమే రక్షణ.

ఆ దూరం కూడా ఒక్కోసారి కాపాడదు. కేంద్రం బయట బెంచీ మీద ఒకే ఊరివాళ్లు ఎదురుపడిన రోజులున్నాయి. ముందు ఇద్దరి ముఖాలూ పాలిపోతాయి. తర్వాత ఏ మాటా లేకుండానే ఒప్పందం కుదురుతుంది: నువ్వు నన్ను చూడలేదు, నేను నిన్ను చూడలేదు. ఇలా ఎదురుపడిన ఇద్దరు ఆడవాళ్లు తర్వాత అక్కాచెల్లెళ్లలాగా అయిపోయారు. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్లు ఇద్దరికీ మందులు తీసుకెళ్లేవాళ్లు. ఊళ్లో మాత్రం పలకరింపు వరకే. ఎక్కడ స్నేహం కుదిరిందని అడిగితే ఏం చెబుతారు?

అడిగినవాళ్లకు చెప్పడానికి అందరి దగ్గరా ఒక జబ్బు పేరు సిద్ధంగా ఉంటుంది. షుగరు, టీబీ, థైరాయిడ్, గ్యాసు. ఆ పేరు చెప్పాక దానికి తగ్గట్టు నడుచుకోవాలి. షుగరని చెప్పుకున్న ఒకాయన బంధువుల పెళ్లిళ్లలో ఏళ్ల తరబడి లడ్డూ ముట్టలేదు. ఆయనకు తీపంటే ప్రాణం. టీబీ అని చెప్పినవాళ్లకి ఆరు నెలల తర్వాత 'ఇంకా మందులేంటి' అన్న ప్రశ్న వస్తుంది. ఇంటర్వ్యూకో కొత్త ఉద్యోగానికో వెళ్లేవాడు రాత్రి ఏ టైముకి మాత్ర వేసుకోవాలి, గదిలో ఇంకెవరుంటారు అని ముందే ఆలోచించుకుంటాడు. దీన్ని అబద్ధమని కొట్టిపారేసేవాళ్లు, ఆ అబద్ధాన్ని ఇరవై ఏళ్లు అల్లికలో ఒక్క కుట్టు తప్పకుండా మోయడానికి ఎంత శ్రద్ధ కావాలో ఒకసారి ఊహించాలి. ఆ శ్రద్ధంతా ఇంకో పనికి పెట్టి ఉంటే వాళ్లు ఏమయ్యేవారో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. గర్భిణులందరికీ పరీక్ష చేస్తారు కాబట్టి చాలా ఇళ్లలో జబ్బు ముందు బయటపడేది కోడలికి. భర్తకి ఎప్పటినుంచో ఉంటుంది, అతను పరీక్షకి రాడు. ముందు ఎవరికి తెలిసిందో వాళ్లే తెచ్చినట్టు లెక్క. కడుపుతో ఉన్న పిల్లను పుట్టింటికి పంపేసిన అత్తమామలు, కొడుకుని మాత్రం గుంటూరు తీసుకొచ్చి రహస్యంగా మందులిప్పించుకునేవాళ్లు. భర్త పోయిన ఇరవై అయిదేళ్ల అమ్మాయి పరిస్థితి ఇంకా కష్టం. ఏ జబ్బుతో పోయాడో ఊరంతా గుసగుసలాడుతుంది. ఆమె కాస్త చిక్కితే 'మొదలైంది' అంటారు, ఒళ్లు చేస్తే 'మొగుడు పోయి ఏడాది కాలేదు' అంటారు. పొలంలో వాటా అడిగిందంటే ఆ గుసగుస గట్టిగా వినిపించడం మొదలవుతుంది. ఆస్తి తగాదాల్లో ఈ జబ్బు ఆయుధమవడం నేను ఎన్నోసార్లు చూశాను.

'ఎలా వచ్చింది?' అన్న ప్రశ్న గురించి కూడా మాట్లాడాలి. 2000ల తొలి ఏళ్లలో మన రాష్ట్రంలో గోడల మీదా హోర్డింగుల మీదా పులిరాజా అనే కల్పిత పాత్రతో ఎయిడ్స్ ప్రచారం నడిచింది. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అన్న ప్రశ్నను పిల్లలు కూడా అనేవాళ్లు. అది జనాన్ని మాట్లాడించింది, కండోము మాటను ఇంటిముందుకు తెచ్చింది, కాదనను. కానీ పులిరాజా లాంటి తిరుగుబోతులకే వస్తుందన్న నమ్మకాన్ని కూడా గట్టిపరిచింది. అప్పటినుంచి పాజిటివ్ అయిన ప్రతి మనిషీ తాను పులిరాజా కాదని నిరూపించుకోవాల్సి వచ్చింది. మొదటిసారి కూర్చున్నప్పుడు చాలామంది నేను అడక్కుండానే చెప్పేవాళ్లు: నాకు రక్తం ఎక్కించినప్పుడు వచ్చింది, సూది వల్ల వచ్చింది, మా ఆయన వల్ల వచ్చింది. నిజమే కావచ్చు. కాకపోయినా నాకు పట్టింపు లేదు. తప్పు చెయ్యని రోగి, చేసిన రోగి అని విడదీసే చూపు వచ్చిందంటే, రెండో వరసలో నిలబడ్డవాళ్లకి మందు కూడా మొహమాటంగానే అందుతుంది. సెక్స్ వర్కర్‌కి, మగవాళ్లతో సంబంధమున్న మగవాడికి, హిజ్రాకి, సూదితో మత్తు ఎక్కించుకునే కుర్రాడికి చెప్పుకోవడానికి అలాంటి కథ ఉండదు. వాళ్లు రెండు సంగతులు దాచాలి. ఎలా వచ్చిందని అడగడం వైద్యానికి అవసరమైతే డాక్టరు అడుగుతాడు. మిగిలిన మనకు ఆ ప్రశ్నతో పనిలేదు.

ఇక పెళ్లి. మన సమాజంలో పెళ్లికి ఒప్పుకోని మనిషిని ఎవరూ ఊరికే వదిలిపెట్టరు. సునీతి గారిని రోగులు తిరిగి తిరిగి అడిగింది ఇదే. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, కారణం చెప్పలేను, ఎవర్నో మోసం చెయ్యలేను. ఆమె స్వయంగా పెళ్లిళ్ల పేరమ్మ అయ్యారు. పాజిటివ్ అబ్బాయికి పాజిటివ్ అమ్మాయిని చూసేవారు. కులం, చదువు, భాష అన్నీ తల్లిదండ్రులు అడిగినట్టే అడిగి, వాటితోపాటు రక్తంలోని రోగనిరోధక కణాల సీడీ4 లెక్కా చూసేవారు. 2017లో వచ్చిన 'లవ్‌సిక్' అనే డాక్యుమెంటరీ ఈ పని గురించే. ఒక మైక్రోబయాలజీ నిపుణురాలు సంబంధాలు కలపడమేమిటని కొందరు అనుకున్నారు. నాకైతే ఆమె చేసిన పనులన్నింటిలోకీ రోగి మనసు తెలిసి చేసిన పని అదే అనిపిస్తుంది. పెళ్లయిందంటే ఆ మనిషిని ఊరు ప్రశ్నలడగడం మానేస్తుంది. ఆమె వాళ్లకి ఒక తోడునూ ఇచ్చారు, ఊళ్లో తలెత్తుకు తిరిగే దారినీ ఇచ్చారు.

కోర్టులు ఈ విషయంలో కొంతకాలం తడబడ్డాయి. 1998లో ఒక ఆసుపత్రి రోగి సంగతి బయటపెట్టిన కేసులో సుప్రీంకోర్టు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పెళ్లి హక్కు నిలిచిపోతుందన్నట్టు వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్యలు ఆ కేసుకు అవసరం లేనివని 2002లో తనే స్పష్టం చేసింది.

నేను చెబుతున్న దానికి ఒక మినహాయింపు ఉంది, దాటవెయ్యను. భార్యకో భర్తకో, లైంగిక సంబంధమున్న మనిషికో తెలియాలి. అవతలి మనిషి ప్రాణం సంగతి అది. కానీ దాన్ని రోగే చెప్పేలా సాయపడటం ఒకటి, డాక్టరు బయటికొచ్చి వార్డులో అరవడం మరొకటి. మొదటిదానికి వారాలు పడుతుంది, నెలలు పడుతుంది. ఇంటికెళ్లి చెప్పలేక తిరిగొచ్చినవాళ్లని మళ్లీ కూర్చోబెట్టుకోవాలి. ఈ మాట చెప్పడాన్ని ఇప్పుడు ఒక శాస్త్రీయ సత్యం తేలిక చేసింది. మందులు సరిగ్గా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి దిగితే, లైంగిక సంబంధం ద్వారా అది అవతలివాళ్లకి సోకదు. 2011లో ఫలితాలు వచ్చిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం, వెంటనే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గుతుందని చూపించింది. తొమ్మిది దేశాల 1,763 జంటలు పాల్గొన్న ఆ అధ్యయనంలో చెన్నైలోని వైఆర్‌జీ కేర్, పుణెలోని ఒక కేంద్రం కూడా ఉన్నాయి. 2016లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనంలో 888 జంటల్లో కండోము లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా, మందులు వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. ఈ మాట మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? భయపెట్టే బొమ్మలకి గోడలన్నీ ఇచ్చాం. ఈ వార్తకి ఒక్క గోడా ఇవ్వలేదు.

బహిరంగంగా చెప్పినవాళ్లు లేకపోతే ఈ రోజు ఈ సభే లేదు, అదీ ఒప్పుకోవాలి. అశోక్ పిళ్లై లాంటివాళ్లు 1997లో పాజిటివ్ వ్యక్తుల జాతీయ నెట్‌వర్కు నిలబెట్టారు. పెళ్లయిన కొద్దికాలానికే తనకు హెచ్‌ఐవీ ఉందని తెలుసుకున్న కౌసల్య పెరియసామి, ఆ మాటను బహిరంగంగా చెప్పిన తొలి భారతీయ మహిళల్లో ఒకరు. 1998లో ఆమె చెన్నైలో పాజిటివ్ మహిళల నెట్‌వర్కు పెట్టారు. ఉచిత మందులు వాళ్లు పోరాడితేనే వచ్చాయి. మన జిల్లాల్లోని నెట్‌వర్కులు వాళ్ల దారిలో పుట్టినవే. కానీ అదే 1998 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర గుగు డ్లామినీ అనే స్త్రీ, తనకు హెచ్‌ఐవీ ఉందని ప్రజల ముందు చెప్పిన కొద్దిరోజులకే మూక దెబ్బలకు చనిపోయింది. నాలుగేళ్ల తర్వాత అదే దేశంలో మండేలా 'హెచ్‌ఐవీ పాజిటివ్' అని రాసిన చొక్కా తొడుక్కున్నాడు. ఆయనకు ఆ వైరస్ లేదు. ఉన్నవాళ్లెవరో లేనివాళ్లెవరో తెలియకుండా చెయ్యడానికే ఆ చొక్కా పుట్టింది. తమ రక్షణ భారం ఉన్నవాళ్ల మీదే వెయ్యకుండా, లేనివాళ్లు కూడా పంచుకునే పద్ధతి అది. ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1న మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. కలెక్టరాఫీసు సభకి ఇద్దరు పాజిటివ్ మహిళల్ని పిలిచి, మైకిచ్చి, మీ కథ చెప్పమంటారు. మర్నాడు పేపర్లో ఫొటో. వాళ్ల పిల్లలు బడికెళ్లేది కూడా ఆ మర్నాడే.

పిల్లల గురించి చెప్పి ముగింపుకి వస్తాను. తల్లి నుంచి వైరస్ వచ్చి, మందులతో పెరిగి పెద్దయిన తరం ఇప్పుడు ఇరవైల్లో ఉంది. చిన్నప్పుడు వాళ్లకి అది బలం మాత్ర అని చెప్పాం. పదేళ్లొచ్చాక ఒకరోజు 'మా క్లాసులో ఎవరూ వేసుకోరు, నేనే ఎందుకు' అని అడుగుతారు. ఆ రోజు కోసం తల్లులు, అమ్మమ్మలు భయపడుతూ ఉంటారు. పిల్లలకి నిదానంగా, వయసుకి తగ్గట్టు కొంచెం కొంచెంగా చెప్పాలి. నేను చూసినంతలో చాలామంది పిల్లలకి ముందే తెలుసు. పెద్దవాళ్లు బాధపడతారని తెలియనట్టు ఉండేవాళ్లు. పదకొండేళ్లకే ఒక పిల్ల తన తల్లిని కాపాడటానికి నటించడం నేర్చుకుందంటే, దానికి సిగ్గుపడాల్సింది ఆ ఇల్లు కాదు. 2003లో కేరళలోని కొల్లం జిల్లాలో హెచ్‌ఐవీ ఉన్న ఇద్దరు తోబుట్టువుల్ని బడిలో ఉండనివ్వనప్పుడు, అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి సుష్మా స్వరాజ్ వెళ్లి ఆ పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు. మంచి పని. కానీ ఆ పిల్లల ముఖాలు దేశమంతా చూసింది. ఆ తరం యువతీయువకులు ఇప్పుడు హాస్టల్లో పరుపు కింద సీసా దాచుకుని ఇంజనీరింగ్ చదువుతున్నారు. ప్రేమించిన మనిషికి ఎప్పుడు చెప్పాలో తెలియక సతమతమవుతున్నారు. కేంద్రాల్లో వాళ్ల కోసం విడిగా సమయం, వాళ్ల వయసు కౌన్సెలర్లు కావాలి. ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిన విషయాల్లో ఇది మొదటిది.

చట్టం మన వైపే ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపడం చట్టవిరుద్ధం. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు, సంగతి బయటపెట్టకూడదు. వందమంది లేదా అంతకు పైగా పనిచేసే చోట, ఇరవైమంది లేదా అంతకు పైగా ఉన్న ఆసుపత్రిలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. రాష్ట్రానికి అంబుడ్స్‌మన్ ఉండాలి. అయినా ఆ చట్టాన్ని వాడుకోవాలంటే ముందు నాకు హెచ్‌ఐవీ ఉందని ఎవరికో ఒకరికి చెప్పాలి. అందుకే ఫిర్యాదులు తక్కువ. ఫిర్యాదులు లేవు కాబట్టి వివక్ష లేదని అధికారులు రాసుకోకూడదు.

అందరికన్నా ముందు నేను అడిగేది నాతోపాటు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లని. కేసుషీటు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టకండి. మంచానికి చీటీ కట్టకండి. కాన్పుకి వచ్చినామెను చివరి నెలలో వేరే ఊరికి పంపకండి. డాక్టరుకి నిజం చెప్పినందుకు ఒకసారి గెంటేయించుకున్న మనిషి రెండోసారి చెప్పడు. అప్పుడు నష్టం అతనిదే కాదు, మీదీ. ప్రతి రోగికీ ఒకే జాగ్రత్త తీసుకుంటే ఎవరిదేమిటో తెలియాల్సిన అవసరమే లేదు. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు, ఉద్యోగాలిచ్చేవాళ్లు ఆరోగ్యం గురించి గుచ్చిగుచ్చి అడగడం మానండి. బంధువులు చిక్కిపోయావేమిటని పదిమందిలో అడగకండి.

దేశంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు 25 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లలో మూడు లక్షల మందికి పైగా ఆంధ్రప్రదేశ్‌లో, లక్షన్నర మంది వరకు తెలంగాణలో ఉంటారు. అంటే మీకు తెలిసినవాళ్లలో కొందరున్నారు, మీకు చెప్పలేదు. వాళ్లెవరా అని ఈ రాత్రి ఆలోచించకండి. ఎప్పుడైనా ఎవరైనా మీ దగ్గర కూర్చుని ఈ మాట చెప్పుకుంటే, ఎలా వచ్చిందని అడక్కండి. అన్నం తిన్నారా, మందులు అందుతున్నాయా అని అడగండి. ఆ మాట మీ భార్యకో, మీ భర్తకో, మీ ప్రాణస్నేహితుడికో కూడా చెప్పకండి.